మైకమ్మ గదిలో సెన్సరు

మా ఆవిడ గొంతు మీరు వినే ఉంటారు. మా స్టేషన్లో రైలు కోసం ఎప్పుడైనా నిలబడ్డారా? "ప్రయాణికులు దయచేసి గమనించగలరు" అని ఒక గొంతు వచ్చేది, గుర్తుందా? రైలు ఆలస్యమని చెప్తున్నా సరే, వినేవాడికి కోపం రానివ్వని గొంతు. అది మా ఆవిడది. స్టేషన్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు. సామాన్లు మోసే కూలీల దగ్గర్నుంచి స్టేషన్ మాస్టరు దాకా అందరికీ మైకమ్మే.

నేను ఆవిడకి పరిచయమైన తీరు చెప్తే నా యోగ్యత మీకు వెంటనే తెలిసిపోతుంది. అనౌన్స్‌మెంటు గదిలో కంప్యూటరు పాడైందని నన్ను పిలిచారు. నేను బల్ల కింద దూరి పని చేసుకుంటున్నాను. పైన ఆవిడ మైకులో ఏదో రైలు సంగతి చెప్తోంది. నా చేతిలో స్క్రూడ్రైవరు జారి కాలి బొటనవేలి మీద పడింది. "చచ్చాన్రా దేవుడా!" అని నేను పెట్టిన కేక ప్లాట్‌ఫారాలన్నిటికీ వినపడింది. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "అంతరాయానికి చింతిస్తున్నాం" అని మామూలుగా చెప్పి, మైకు కట్టేసి, బల్ల కిందకి వంగి చూసి, "మీరు కంప్యూటర్లు బాగుచేస్తారా, పాడుచేస్తారా?" అంది. "రెండూనండీ" అన్నాను. ఆ జవాబు నచ్చే నన్ను చేసుకున్నానని ఇప్పటికీ అంటుంది. అందులో సగమే నిజమని తర్వాత తెలిసిందని కూడా అంటుంది.

కొన్నేళ్ళకి స్టేషన్లో మాట్లాడే యంత్రం పెట్టారు. దానికీ ఒక గొంతు కావాలి కదా, మా ఆవిడదే తీసుకున్నారు. ఊళ్ళ పేర్లు, అంకెలు, "ఆలస్యంగా", "సరైన సమయానికి", అన్నీ విడివిడిగా ఆవిడ చేత చదివించుకున్నారు. చదవడం అయిపోయాక, ఇక మీరు రానక్కర్లేదన్నారు. ఆ తర్వాత ఒకసారి ఇద్దరం ఎక్కడికో వెళ్ళడానికి స్టేషనుకి వెళ్తే పైనుంచి ఆవిడ గొంతే వినిపించింది. తలెత్తి విని, "నేను లేకపోయినా బాగానే మాట్లాడుతున్నానే" అంది. నవ్వుతూనే అంది. రైలెక్కాక మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నాకేం చెయ్యాలో తోచక బిస్కెట్ల పాకెట్టు కొనిచ్చాను.

అలా ఉండగా, నవలలు చదివించి రికార్డు చేసి అమ్మే ఒక కంపెనీ వాళ్ళకి మైకమ్మ సంగతి ఎవరో చెప్పారు. ఆ పని చూసే పెద్దమనిషి ఫోన్ చేశాడు. మాట నెమ్మదే గానీ, ఆయనవి పాముచెవులు. మేమిద్దరం ఆయనకి ఆ పేరే పెట్టుకున్నాం. లావుపాటి నవల ఒకటి పంపి, "ఇంటి దగ్గరే చదివి పంపండి మేడమ్. ఇది బాగా వస్తే ఇకముందు మా నవలలన్నీ మీరే చదువుదురుగాని" అన్నాడు. మా ఆవిడ మొహం ఆ రోజు చూడాలి! "ఈసారి ముక్కలు ముక్కలు కాదండీ, మొత్తం కథ చదవమన్నారు" అని ఇంట్లో అందరికీ చెప్పింది. అందరూ అంటే నేనూ, మాతోనే ఉండే మా అత్తగారూ. అత్తగారికి రెండుసార్లు చెప్పింది.

నమూనాకి ఒక అధ్యాయం చదివి పంపింది. పాముచెవులాయన విని, "గొంతు బంగారం మేడమ్. వెనకాల ఎగురుతున్న ఆ తుమ్మెద ఎవరు?" అన్నాడు. తుమ్మెద అంటే మా పాత కంప్యూటర్లో ఫాను. ఆ చప్పుడు పోతేనే పని. ఇదిగో, ఇక్కడే నేను రంగంలోకి దిగాను.

నాది వీధి చివర కంప్యూటర్ల రిపేరు కొట్టు. టైలరు కొట్టుకీ తాళాలు బాగుచేసే ఆయనకీ మధ్య ఎంత ఇరుకున ఉంటుందంటే, ఒక కస్టమరు లోపలికి రావాలంటే నేను బయటికి రావాలి. అలాంటి నాకు నీళ్ళతో చల్లబడే కంప్యూటరు ఒకటి కట్టాలని ఎప్పట్నుంచో పిచ్చి. కట్టించుకునే అమాయకుడు దొరక్క ఆగిపోయాను. ఇప్పుడు సాక్షాత్తూ ఇంట్లోనే దొరికింది. "చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాని కంప్యూటరు కట్టి ఇస్తాను చూడు" అని మా ఆవిడకి మాటిచ్చి మీసం మెలేశాను. నాకు మీసం లేదు, అయినా మెలేశాను.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కంప్యూటర్లో బాగా కాగే చిప్పు మీదుగా గొట్టాల్లో నీళ్ళు పారతాయి. అవి ఆ వేడిని ఎత్తుకుని రేడియేటరు దగ్గరికి వెళ్తాయి. కార్లో ఉంటుంది చూడండి, అలాంటిదే. అక్కడ పెద్ద పెద్ద ఫాన్లు నిదానంగా తిరుగుతూ వేడిని ఊదేస్తాయి. చల్లబడ్డ నీళ్ళు మళ్ళీ చిప్పు దగ్గరికి వస్తాయి. ఫాన్లు నిదానం కాబట్టి చప్పుడుండదు. ఇదంతా వివరంగా చెప్తే అత్తగారు శ్రద్ధగా విని, "కరెంటు వస్తువులో చేజేతులా నీళ్ళు పోస్తావా బాబూ?" అన్నారు.

కట్టడం బాగానే కట్టాను. బుద్ధి గడ్డి తిన్నది వేడి కొలిచే సెన్సర్ల దగ్గర. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో తెలియాలంటే ఒక్క సెన్సరు చాలు. నీళ్ళు గిర్రున తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, వాటిని పోసే చిన్న తొట్టిలో కొలిచినా గొట్టంలో కొలిచినా దాదాపు అదే వేడి. ఈ సంగతి నాకు నిక్షేపంలా తెలుసు. తెలిసీ తొట్టిలో ఒకటి, రేడియేటరుకి ముందొకటి, వెనకొకటి, చిప్పు దాటాక ఇంకొకటి పెట్టాను. కంప్యూటరు ముందువైపు అద్దం మీద అంకెలు వరసగా వెలిగితే ఆ అందమే వేరు కదా! వెలిగాయి. అన్నీ ఒకటే అంకె. సెన్సరు కోసం వేసిన అతుకు ఒకటి కారి కింద చాప తడిసింది. అత్తగారు గుడ్డ తెచ్చి, నా వంక ఒక్క చూపు చూసి తుడిచారు. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఇక మిగిలింది గది గాలిని కొలిచే సెన్సరు. అసలు తిరకాసంతా దీంతోనే. నీళ్ళు ఎంత చల్లబడ్డా గదిలో గాలి కంటే చల్లబడవు. అందుకని గాలి కంటే నీళ్ళు ఎంత ఎక్కువ వేడిగా ఉన్నాయో చూసుకుని ఫాన్ల వేగం పెట్టుకుంటాం. తేడా కొంచెమే ఉంటే కంప్యూటరు క్షేమం. కానీ ఆ సెన్సరుకి రేడియేటరు ఊదే వేడిగాలి తగిలిందా, లెక్కంతా గల్లంతు. దాన్ని ఎక్కడ పెట్టాలని, ఈ పని చేసేవాళ్ళం ఇద్దరం కలిస్తే చాలు, దెబ్బలాడుకుంటాం. నేను దాన్ని రేడియేటరుకి దూరంగా, ఎదురు గోడకి, భుజమెత్తున బిగించి, నా భుజం నేనే తట్టుకున్నాను.

చదవడానికి మా వెనకగది ఖాళీ చేశాం. పాత సామాన్లు పెట్టుకునే చిన్న గది అది. గోడలకి పాత పరుపులు కట్టాను. కిటికీ సందుల్లో స్పాంజి కుక్కాను. తలుపుకి దళసరి రగ్గు వేలాడదీశాను. సీలింగు ఫాను స్విచ్చి ఎవరూ పొరపాటున కూడా వెయ్యకుండా టేపు అంటించాను. లోపల ఒక బల్ల, కుర్చీ, మైకు, నా నీళ్ళ కంప్యూటరు, మా ఆవిడ. పొద్దున కొన్ని అధ్యాయాలు, భోజనమయ్యాక కొన్ని. ఆవిడ చదివినదాన్ని నేను హాల్లో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తప్పులు కత్తిరించి పంపేవాణ్ణి.

మొదటి విడత విని పాముచెవులాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఇంత నిశ్శబ్దం మా స్టూడియోలో కూడా లేదు మేడమ్! ఎక్కడ రికార్డు చేస్తున్నారు?" అన్నాడు. ఆవిడ ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది, నన్ను కూడా విననిద్దామని. ఇక నా కాళ్ళు నేల మీద లేవు. టైలరుకి చెప్పాను, తాళాలాయనకి చెప్పాను, రిపేరుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. వాడి కంప్యూటరు బాగయిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పుస్తకం చదివి రికార్డు చెయ్యడానికి ఆ కంప్యూటరు శక్తిలో చిటికెడు చాలు. మిగతాదంతా ఊరికే పడుంటే నా ప్రాణం ఉసూరుమంది. పక్కవీధి ఫోటో స్టూడియో ఆయన దగ్గర వీడియోలు తయారుచేసే పని ఒప్పుకున్నాను. వీడియో తయారయ్యేటప్పుడు కంప్యూటరు పూర్తి బలంతో, పొయ్యి మీద పెట్టినట్టు కాగుతుంది. అయినా చప్పుడు లేదు! మా ఆవిడ చదువుకుంటుంటే ఆవిడ కాళ్ళ పక్కన ఆ పెట్టె పూటంతా వీడియోలు వండుతుండేది. చూశారా, నా తెలివి ఎలా పొంగి పొర్లుతోందో!

కొన్నాళ్ళకి, భోజనాల వేళ దాటేసరికి గది గాలి సెన్సరు నలభై డిగ్రీలు దాటి చూపించడం మొదలుపెట్టింది. నీళ్ళకీ గాలికీ తేడా మాత్రం ఎప్పట్లాగే కొంచెమే. ఇంట్లో గాలి నలభై ఏమిటి, విడ్డూరం కాకపోతే? రేడియేటరు గాలి తగుల్తోంది, చోటు తప్పు అని తేల్చేశాను. సెన్సరు ఊడదీసి తలుపు పక్కన పెట్టాను. అదే అంకె. బల్ల కింద పెట్టాను. అదే అంకె. పైనుంచి దారం కట్టి వేలాడదీస్తే ఇంకా ఎక్కువ చూపించింది. ఇది చెడిపోయిన సరుకని కొత్తది తెచ్చాను. పాతదీ కొత్తదీ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మధ్యలో ఒకరోజు మా ఆవిడ, "ఏవండీ, మధ్యాహ్నం పూట గది కాస్త వేడిగా ఉంటోంది" అంది.

"వేడా? నీళ్ళ కంప్యూటరు పెట్టుకుని వేడంటావేంటోయ్? ఇటు చూడు" అని అద్దం మీద తేడా అంకె చూపించాను. "ఎంత తక్కువుందో చూశావా? దివ్యంగా చల్లబడుతోందన్నమాట."

ఆవిడ ఆ అంకె చూసింది. నన్ను చూసింది. "సరే" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆఖరికి సెన్సరు ఆవిడ కుర్చీ చేతికి కట్టి చూశాను. అక్కడా అంతే. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. మనిషి ఒంటి వేడి! ఇంతకాలం ఎలా మర్చిపోయాను? సెన్సరు విప్పి మళ్ళీ ఎదురు గోడకి బిగించి, "నువ్వు సెన్సరుకి మరీ దగ్గరగా కూర్చుంటున్నావు. నీ వేడి దానికి తగుల్తోంది. కాస్త అటు జరుగుదూ" అన్నాను. ఆవిడ కుర్చీ ఎత్తి మూలకి జరుపుకుంది. ఏ మూలకి? రేడియేటరు ఊదే మూలకి. దాని మీద కూడా నేను అభ్యంతరం చెప్పలేదు. సెన్సరుకి దూరమైంది కదా, నాకదే చాలు.

ఇలా ఉండగా పాముచెవులాయన ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో మొహమాటం. "పొద్దున చదివినవి అద్భుతం మేడమ్. మధ్యాహ్నం చదివినవి మాత్రం... ఎలా చెప్పను? గొంతు ఎండిపోతోంది. మాటల చివర్లు అందడం లేదు. ఎవరో వేరే మనిషి చదివినట్టుంది. ఈ వారంలోపు అవన్నీ మళ్ళీ చదివి పంపండి. అప్పటికీ ఇలాగే ఉంటే మిగతా పుస్తకం ఇంకొకరి చేత చదివించక తప్పదు. ఏమనుకోకండి."

ఆవిడ ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చుంది. "నా గొంతు అయిపోయిందండీ" అంది. "మంచి గొంతంతా స్టేషన్లో ఉండిపోయినట్టుంది. వాళ్ళు అది తీసేసుకుని, మిగిలింది నాకిచ్చారు."

నాకు అదేం కాదని గట్టిగా చెప్పాలనిపించింది. ఏదో గొణిగాను. ఏడుపు కూడా వచ్చింది. ఏడవడం చేతకాక వెళ్ళి సెన్సరు పట్టుకున్నాను. కనీసం ఇదైనా బాగుచేద్దామని, అంతే. ఆవిడ ఆ పూట పడుకుంటే గది ఖాళీ. రికార్డింగు జరిగేటప్పుడు ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంచి కొలవాలి కదా. తలుపేశాను, రగ్గు దించాను, వీడియో పని ఆన్ చేశాను, మూలనున్న కుర్చీలో కూర్చున్నాను. మనిషి వేడి కూడా లెక్కలోకి రావాలి కాబట్టి ఆ మనిషిని నేనే అయ్యాను. నోరు మూసుకుని కూర్చుంటే పరీక్ష పూర్తికాదని నవల కూడా తెరిచి బిగ్గరగా చదవడం మొదలుపెట్టాను.

మొదట్లో బ్రహ్మాండంగా చదివాను. మా ఆవిడ కంటే నేనే నయమేమో అన్న అనుమానం కూడా వచ్చింది. కాసేపటికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. నుదుటి చెమట కంట్లోకి దిగి అక్షరాలు అలుక్కుపోయాయి. మోకాళ్ళ మీద రేడియేటరు గాలి కొలిమి దగ్గర కూర్చున్నట్టు కొడుతోంది. నాలుక పిడచగట్టింది. అధ్యాయం సగానికి వచ్చేసరికి మాట చివర నాకూ అందడం మానేసింది. ఊపిరాడక తలెత్తి సెన్సరు వంక చూశాను. రోజూ చూపించే అంకే. ఇన్నాళ్ళూ నేను గది నలుమూలలా తిప్పింది ఒక నిజం చెప్పే వస్తువుని. గది నిజంగానే అంత వేడి. నీళ్ళు చిప్పు దగ్గర ఎత్తుకున్న వేడంతా తెచ్చి ఈ మూసేసిన గదిలో కుమ్మరిస్తున్నాయి, ఇంకెక్కడికి పోతుంది? ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. కంప్యూటరు మాత్రం చల్లగానే ఉంది, అద్దం మీద తేడా అంకె సాక్షి.

తలుపు తీసుకుని బయటపడ్డాను. అత్తగారు హాల్లో బట్టలు మడతపెడుతున్నారు. "లోపల ఎవరి పీకో నొక్కుతున్నారనుకున్నాను" అన్నారు. తర్వాత నా చొక్కా చూశారు. చేతిలో మడత ఆగిపోయింది. "ఇదా సంగతి! రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి దాని బట్టలు పిండితే నీళ్ళొస్తున్నాయి. జ్వరమేమోనని నుదురు కూడా చూశాను. అడిగితే ఏం లేదమ్మా అంటుంది."

నేను మంచం దగ్గరికి పరుగెత్తి, "చెప్పొచ్చు కదా!" అని అరిచాను. తప్పు నాదైనప్పుడు నాకు గొంతు బాగా లేస్తుంది.

మా ఆవిడ కళ్ళు తెరిచి, "చెప్పాను. మీరు అంకె చూపించారు" అంది.

ఆవిడే మళ్ళీ అంది: "గట్టిగా అంటే మీరు మళ్ళీ ఏదో మారుస్తారు. మారిస్తే ఆ తుమ్మెద తిరిగొస్తుందేమోనని భయం. ఇంత నిశ్శబ్దం ఎక్కడా లేదన్నారు కదా ఆయన. ఈ పుస్తకం పోతే నాకు ఇంకో పుస్తకం ఎవరిస్తారండీ? ఎలాగోలా అయిపోగొడదామనుకున్నాను."

దానికి నా దగ్గర ఏ అంకె లేదు. కూర్చుని ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "చాల్లెండి, లేవండి" అంది.

ఆ సాయంత్రమే వెనకగది గోడకి కన్నం కొట్టాను. కంప్యూటరు హాల్లోకి వచ్చింది, పొడుగు తీగ ఒకటి కన్నంలోంచి లోపలి మైకుకి వెళ్ళింది. అంతే పని. బుర్రున్నవాడు మొదటిరోజే చేసేది. హాల్లో ఉన్నాక కంప్యూటరు ఎంత చప్పుడు చేసినా లోపలికి వినపడదు కాబట్టి, ఇక దానికి నీళ్ళక్కర్లేదు, రేడియేటరక్కర్లేదు, నేనక్కర్లేదు. అత్తగారు కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇందులో చేపలు పెంచుకోవచ్చేమో బాబూ" అన్నారు. వీడియోల పని తిరిగిచ్చేశాను. స్విచ్చి మీద టేపు పీకేశాను. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య కిటికీ బార్లా తెరిచి, ఫాను వేసి, మా ఆవిడ దాని కింద కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ గాలికి జుట్టు ఎగురుతుంటే మొహంలో ఎంత హాయి! అంత చిన్న హాయి నేను ఇన్నాళ్ళూ టేపు వేసి ఆపాను.

మధ్యాహ్నం అధ్యాయాలన్నీ వారంలోపు మళ్ళీ చదివింది. గొంతు ఎక్కడికీ పోలేదు. పాముచెవులాయన విని, "ఇదీ! ఇదీ మేడమ్ గొంతంటే! మిగతా పుస్తకం మీదే, దీని తర్వాతది కూడా మీదే" అన్నాడు. ఆవిడ ఫోన్ పట్టుకునే ఏడ్చింది. ఈసారి నేను బిస్కెట్లు కొనడానికి పోలేదు, పక్కనే ఉన్నాను.

"కానీ ఒక్క చిన్న మనవి మేడమ్" అన్నాడాయన. "ఆ ఇల్లాలు జ్వరంతో మంచం పట్టి, పక్కగదిలో ఉన్న భర్తని మంచినీళ్ళడిగే అధ్యాయం ఉంది చూడండి, అదొక్కటీ మొదట చదివిందే ఉంచేద్దాం. కొత్తది బాగానే ఉంది గానీ, పాతదాంట్లో నిజంగా దాహంతో అల్లాడుతున్నట్టే ఉంది. అంత బాగా ఎలా చదివారు?"

మా ఆవిడ నా వంక చూసి, "మా ఆయన దగ్గరుండి చదివించారండీ" అంది.

పుస్తకం విడుదలైంది. విన్నవాళ్ళందరూ ఆ అధ్యాయం గురించే చెప్తున్నారు. మొన్న టైలరు మిషను ఆపి, చెవిలో తీగలు తీసి, నా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. "నీళ్ళడిగే చోట కళ్ళనీళ్ళు ఆగలేదన్నా. పాపం, అంత నీరసంగా అడుగుతోంది. పక్కగదిలో ఉండి వినిపించుకోడేంటన్నా వాడు? మనిషేనా?" అన్నాడు.

"దరిద్రుడు" అన్నాను.

ఆ అధ్యాయం హాల్లో కూర్చుని సరిచేసింది నేనే. "కాసిని మంచినీళ్ళివ్వండి" అన్న మాట దగ్గర వెనక్కి తిప్పి, రెండోసారి కూడా విన్నాను. ఎక్కడైనా ఫాను చప్పుడు పడిందేమోనని. పడలేదు. చాలా సంతోషించి పంపేశాను.